తోడు తప్పిన కుండ

హన్మకొండలో మా వంటింటి గట్టు మీద నెల రోజులుగా మూడు గిన్నెలుంటున్నాయి. ఒకదాంట్లో తడిగుడ్డలో మూటగట్టిన తైదలు. ఇంకోదాంట్లో రాత్రి రుబ్బిపెట్టిన ఇడ్లీ పిండి, తెల్లారేసరికి మూతను తాకేంత పొంగి ఉంటుంది. మూడోది కుమ్మరి దగ్గర కొన్న కొత్త కుండ. అది మాత్రం ఖాళీ. మా అత్తమ్మ రోజూ పొద్దున దాని మూత తీసి చూసి, నా ముఖం వంక చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోతుంది.

ఇదంతా ఒక ప్రశ్నతో మొదలైంది. కాకతీయుల ఓరుగల్లులో జనం ఏం తాగేవాళ్లు? ఏం తినేవాళ్లో కొంత తెలుసు. వినుకొండ వల్లభరాయుడి ‘క్రీడాభిరామం’ మనల్ని ఓరుగల్లు వీధుల్లో తిప్పి, పూటకూళ్లింటి విస్తరి ముందు కూర్చోబెడుతుంది. ఇక్కడికి దగ్గరలోని పాలకుర్తి పేరు మోసిన సోమనాథుడి రచనల్లో పిండివంటల పేర్లు బారులు తీరి ఉంటాయి. కానీ కావ్యం పేరు చెబుతుంది, రుచి చెబుతుంది. ఎన్ని మానికల గింజలు, ఎన్ని కడవల నీళ్లు, ఎన్ని రాత్రులు అన్నది చెప్పదు. ఆ లెక్క చేతుల్లో ఉండేది. చేతులు పోతే లెక్కా పోయింది.

దాన్ని మళ్లీ పట్టుకోగలమా? వేరే దేశాల్లో పట్టుకున్నవాళ్లున్నారు.

స్కాట్లండ్ దక్షిణాన ఇన్నర్‌లీథెన్ అనే చిన్న ఊరి దగ్గర ట్రాక్వేర్ హౌస్ అనే పాత భవంతి ఉంది. ఒకప్పుడు అక్కడి పెద్ద ఇళ్లన్నీ తమ బీరు తామే కాచుకునేవి. కాలం మారి ఆ పని ఆగిపోయింది. 1965లో ఆ ఇంటి యజమాని పీటర్ మాక్స్‌వెల్ స్టువర్ట్, మూలనపడి ఉన్న 18వ శతాబ్దపు సామాను పైకి తీసి, మళ్లీ పొయ్యి వెలిగించాడు. అప్పటి నుంచి అక్కడ ముదురు గోధుమ రంగు ఏల్ కాస్తున్నారు. ఏల్ అంటే బార్లీ మొలకలతో చేసే పాత పద్ధతి బీరు. ఇది 7.2 శాతం ఘాటుది. ఓక్ చెక్క తొట్లలోనే పులియబెడతారు. స్కాట్లండ్ ఘాటు ఏల్ అంటే చలిదేశపు సరుకు: మొలక గింజలు దండిగా పోసి, తియ్యటి చిక్కటి కషాయం తీసి, చల్లటి గదుల్లో నిదానంగా పులియబెట్టి, నెలల తరబడి నిలవ ఉంచేవాళ్లు.

వాళ్లకు ఇది ఎలా సాధ్యమైందా అని చూస్తే మూడు సంగతులు కనిపించాయి. మొదటిది రాత. ఎడిన్‌బరో బీరు కార్ఖానాల వాళ్లు రోజువారీ చిట్టాలు రాసి పెట్టుకున్నారు. ఏ రోజు ఎంత మాల్టు (మొలకకట్టిన గింజ), నీళ్ల వేడి ఎంత, ఎన్ని రోజులు. ఆ చిట్టాలు ఇప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయం భాండారంలో భద్రంగా ఉన్నాయి. రెండోది చట్టం. బ్రిటన్‌లో ఇంటి అవసరానికి బీరు కాచుకోవాలన్నా లైసెన్సు కావాలనే నియమాన్ని 1963లో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఎత్తేశారు. ఆ తర్వాత పదేళ్లు తిరిగేసరికి పాత చిట్టాలు ముందు పెట్టుకుని, వంటింటి పొయ్యి మీద తాతల నాటి ఏల్ కాసి చూసే బృందాలు తయారయ్యాయి. మూడోది తోడు. పాలు పెరుగు కావాలంటే తోడు కావాలి కదా, బీరుకూ అంతే. వాళ్ల ఈస్టు ఒక పీపా నుంచి ఇంకో పీపాకు, ఒక కార్ఖానా నుంచి పొరుగు కార్ఖానాకు చేతులు మారుతూ వచ్చింది. నారిచ్ నగరంలో ఈస్టులను భద్రపరచడానికే ఒక జాతీయ సంస్థ ఉంది. రాత చెరిగినా, సామాను తుప్పుపట్టినా, ఆ తోడు తెగలేదు.

మన దగ్గర కింగ్‌ఫిషర్ బీరు తీసే యునైటెడ్ బ్రూవరీస్‌ను 1915లో నెలకొల్పిన థామస్ లీష్‌మన్ కూడా స్కాట్లండ్ మనిషే. అంటే ఆ దేశపు తోడు మన దాకా వచ్చింది. మన తోడు ఏమైంది?

కౌటిల్యుడి వంటిల్లు

రాత మనకూ ఉంది. మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో పనిచేసిన ఆర్. శామశాస్త్రి చేతికి 1905 ప్రాంతంలో ఒక తాళపత్ర ప్రతి వచ్చింది. అది కౌటిల్యుడి అర్థశాస్త్రం. 1909లో ఆయన దాన్ని అచ్చు వేయించారు. అందులో రెండో అధికరణంలో సురాధ్యక్షుడి మీద ఒక అధ్యాయం ఉంది. సుర అమ్మే చోట్లు ఎలా ఉండాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న కట్టుబాట్లతో పాటు, పానీయాల తయారీ కొలతలతో సహా ఇచ్చారు. రాజ్యశాస్త్రం చదువుతున్నవాడికి వంటింటి లెక్క చేతికి దొరికినట్టుంటుంది.

అందులో మేదకం అనేది బియ్యంతో చేసేది. ఒక ద్రోణం నీళ్లు, అర ఆఢకం బియ్యం, 3 ప్రస్థల కిణ్వం, అంటే తోడు. ద్రోణానికి 4 ఆఢకాలు, ఆఢకానికి 4 ప్రస్థలు. మన మానికల్లోకి మార్చుకుంటే 16 మానికల నీళ్లు, 2 మానికల బియ్యం, 3 మానికల కిణ్వం అన్నమాట. ఆసవానికి 100 పలాల వెలగపండు గుజ్జు, 500 పలాల పాకం, ఒక ప్రస్థ తేనె. మైరేయంలో మేషశృంగి చెక్క కషాయం, బెల్లం, పిప్పళ్లు, మిరియాలు, త్రిఫలం పడతాయి. పిప్పళ్లూ మిరియాలూ వేసిన బెల్లపు పానీయం అనగానే మా ఇంట్లో జలుబుకు కాచే కషాయం వాసన నా ముక్కుకు తగిలింది. ఆ అధ్యాయం రాసినవాడు రెండు వేల ఏళ్ల దూరంలో ఉన్నవాడు కాదనిపించింది.

మేదకం లెక్క దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. బియ్యం 2 పాళ్లు, కిణ్వం 3 పాళ్లు. గింజ కంటే తోడే ఎక్కువ! పెరుగుకు చెంచాడు తోడు వేసినట్టు కాదు ఇది. అసలు పానీయమంతా కిణ్వమే అని చెప్పొచ్చు. బియ్యం, నీళ్లు ఎవరింట్లోనైనా ఉంటాయి. కిణ్వం ఉంటేనే మేదకం.

మరి కిణ్వం దేనితో? అదీ రాశారు. మినుముల ముద్ద, పచ్చిదైనా ఉడికించిందైనా సరే. దానికి బియ్యం. వాటిలోకి మొరట వంటి మందుదినుసులు కొద్దిగా. ఈ మాట చదివి గట్టు మీది ఇడ్లీ పిండి వైపు చూశాను. మినుములు, బియ్యం. తెలుగువాళ్ల ప్రతి వంటింట్లో రాత్రి రుబ్బి పొద్దునకు పొంగించే జంట అదే. ఇడ్లీ చరిత్ర వేరు, అది ఒప్పుకోవాలి. 10వ శతాబ్దపు కన్నడ ‘వడ్డారాధనె’లోనూ, కాకతీయులు ఒకప్పుడు ఎవరి సామంతులుగా ఉన్నారో ఆ కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’లోనూ కనిపించే ఇడ్లీ వట్టి మినుములతో చేసింది, బియ్యం కలవనిది. ఇడ్లీ పిండిని పొంగించేది ప్రధానంగా ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా. సురకు అది చాలదు. గంజిని తీపిగా విరిచే బూజు కావాలి, ఆ తీపిని మత్తుగా మార్చే ఈస్టు కావాలి. ఆ బూజూ ఆ ఈస్టూ కిణ్వపు ముద్దలో ఉండేవి. మందుదినుసులు పనికిరాని పురుగును ఆపి, పనికొచ్చేదాన్ని నిలబెట్టేవని నా ఊహ. తూర్పు భారతంలో ఆదివాసీలు ఇప్పటికీ బియ్యప్పిండిలో వేర్లు, ఆకులు నూరి కలిపి, చిన్న చిన్న ఉండలుగా ఎండబెట్టి దాచుకుంటారు. అదే కిణ్వం. పుస్తకం అక్కర్లేని చోట అది బతికే ఉంది.

అదే అధ్యాయంలో ఇంకొక మాట ఉంది. దాని కోసమే ఈ వ్యాసం రాస్తున్నానేమో. సుర తయారీ మీద రాజ్యానికి గుత్త హక్కు ఉన్నా, ఇంటి శుభకార్యాలకు కుటుంబాలు తెల్ల సుర చేసుకోవచ్చు. రోగానికి మందుగా అరిష్టం చేసుకోవచ్చు. ఇక ఉత్సవాలకు, జాతరలకు, యాత్రలకు నాలుగు రోజుల పాటు సుర తయారుచేసుకునే అనుమతి ఇవ్వాలి. సరిగ్గా నాలుగు రోజులు. మా వరంగల్ వాళ్లకు నాలుగు రోజుల జాతర అనగానే ఏది గుర్తొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తైదల తీపి

స్కాట్లండ్ వాళ్లకు బార్లీ ఎంతో, మనకు తైదలు అంత. కోస్తావాళ్లు రాగులంటారు, ఉత్తరాంధ్రలో చోళ్లంటారు. చిరుధాన్యాల్లో మొలకకట్టి మాల్టు చేయడానికి ఇంత బాగా పనికొచ్చే గింజ ఇంకోటి లేదు. కోరాపుట్ కొండల్లో ఆదివాసీలు ఈ గింజలతోనే లాండా అనే పులిసిన పానీయం చేస్తారు. కాబట్టి పాత ఓరుగల్లు కుండలోకి తొంగి చూడాలంటే నాకు తైదలే దారి అనుకున్నాను.

కిలో తైదలు మూడు నీళ్లు కడిగి, రాత్రంతా నానబెట్టి, పొద్దున వడగట్టి తడిగుడ్డలో మూటగట్టాను. ఏప్రిల్ ఎండలు. మర్నాటికే తెల్లటి మొలక సూదిమొనలా వచ్చింది. అదే వేగంతో పులుపు వాసన కూడా వచ్చింది. స్కాట్లండ్‌లో బార్లీ మొలకెత్తడానికి రోజులు పడుతుంది, వాళ్లకు ఓపిక పరీక్ష. మనకు ఎండే పరీక్ష. మూట జిగట పడి, పట్టుకుంటే చెయ్యి వాసన వచ్చింది. ఆ కిలో గింజలూ పారబోశాను. రెండోసారి పూటకోసారి మూట విప్పి, నీళ్లు చిలకరించి, గాలి తగలనిచ్చి మళ్లీ కట్టాను. ఒకటిన్నర రోజుకు మొలక గింజ కంటే పొడుగైంది. డాబా మీద ఎండబోసి, అరచేతుల మధ్య నలిపితే ఎండిన మొలకలు పొట్టులా రాలిపోయాయి. చేటతో చెరిగి, గిర్నీకి పంపకుండా ఇంట్లోనే విసిరాను. పిండి చిటికెడు నాలుక మీద వేసుకుంటే మొదట మట్టివాసన, ఆ తర్వాత కొంచెం ఆలస్యంగా తీపి.

అసలు అద్భుతం ఆ తర్వాత చూశాను. మొలక కట్టని మామూలు తైదపిండితో గిన్నెడు చిక్కటి గటక వండాను. గరిటె నిలబెడితే పడిపోకుండా నిలబడింది. థర్మామీటరు పెట్టి, వేడి 65 డిగ్రీల సెల్సియస్‌కు దిగేదాకా ఆగాను. అప్పుడు రెండు చెంచాల మాల్టు పిండి చల్లి కలిపాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. ఐదో నిమిషానికి గరిటె ఒక పక్కకు వాలింది. పది నిమిషాలకు గిన్నెలో ఉన్నది గటక కాదు, పలుచటి జావ. చుక్క నీళ్లు పొయ్యలేదు. అరగంట మూతపెట్టి రుచి చూస్తే, చక్కెర వేయకుండానే తియ్యగా ఉంది. అత్తమ్మను పిలిచి చెంచాడు నోట్లో పోశాను. “బెల్లం ఎంతేసినవ్?” అంది.

బెల్లం కాదు. మొలక తనకోసం దాచుకున్న పిండిని తానే కరిగించుకోవడానికి తయారుచేసుకున్న ఎంజైము అది. పేరు అమైలేజ్. స్కాట్లండ్ బీరు కార్ఖానాల్లో రోజూ మొదట జరిగే పని సరిగ్గా ఇదే. పిండిపదార్థం తీపి కావాలి, తీపి లేనిదే పులిసేది లేదు. మన దేశంలో దీన్ని పిల్లల తిండికి వాడే ఆలోచన చేసినవారున్నారు. బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ 1980లలో ఈ మాల్టు పిండితో ప్రయోగాలు చేశారు. చిన్న పిల్లల కడుపు చిన్నది, చిక్కటి జావ మింగలేరు. నీళ్లు పోసి పలుచన చేస్తే బలం ఉండదు. చిటికెడు మాల్టు కలిపితే బలం తగ్గకుండా జావ పలుచనవుతుంది. మొలకకట్టిన తైదపిండితో చంటిపిల్లలకు జావ కాచే తల్లులు ఏ పుస్తకం చదవకుండానే ఇది తెలిసినవాళ్లు.

ఆ తియ్యటి నీళ్లను పల్చటి బట్టలో వడగట్టి కొత్త కుండలో పోస్తే, ఏల్‌కు కావలసిన సగం పని అయిపోయినట్టే. మిగతా సగం తోడు. నేను అక్కడ ఆగాను.

ఎందుకు ఆగానంటే

లైసెన్సు లేకుండా ఇంట్లో మత్తు పానీయం తయారుచేయడం మన దగ్గర నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం తెలంగాణలో అమల్లో ఉంది. దానికి ముందు నిజాం కాలపు హైదరాబాద్ ఆబ్కారీ చట్టం, 1316 ఫసలీ నాటిది. అంటే 1906-07 సంవత్సరం. ఆబ్కారీ కాంట్రాక్టు అంటే తెలంగాణ పల్లెల్లో పాతవాళ్లకు ఇంకా ఒళ్లు మండుతుంది. చెట్టు ఊరిది, ఎక్కేది గౌడన్న, వేలం పాట పాడి హక్కు దక్కించుకునేది వేరొకరు. కౌటిల్యుడు పెళ్లిళ్లకూ జాతరలకూ వదిలిన ఆ చిన్న సందును ఈ చట్టాలు మూసేశాయి.

ఇది అన్యాయమని ఒక్క మాటలో అనేసి ఊరుకోవడానికి నాకు మనసు రాదు. సారా ఈ నేల మీద ఏం చేసిందో చూసినవాళ్లం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించి మొదలుపెట్టిన పోరు అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. పాత వరంగల్ జిల్లా పల్లెల్లో గుడుంబా కాచిన పొయ్యిల పక్కన ఎన్ని సంసారాలు కాలిపోయాయో ఆ ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. నా చిన్నప్పటి స్నేహితురాలి తండ్రి అలాగే పోయాడు. ఆమె ఇప్పటికీ బెల్లం ఊటవాసన వస్తే అక్కడ నిలబడదు.

కానీ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. పులియబెట్టడం వేరు, బట్టీ పెట్టడం వేరు. పులిసిన కల్లులో మత్తు సాధారణంగా నాలుగైదు శాతం దగ్గర ఉంటుంది. అంతకు మించి పోవాలంటే చాలా తీపి, చాలా కాలం కావాలి. స్కాట్లండ్ వాళ్ల ఘాటు ఏల్ గొప్పతనం అదే. బట్టీ అలా కాదు. ఆవిరి పట్టి ఘాటును ఒక్క రోజులో కొన్ని రెట్లు పెంచుతుంది. కుండ ఓపికతో చేసే పనిని గొట్టం తొందరగా చేస్తుంది. గుడుంబా, సారా మన పాత పానీయాల వారసులు అనుకోవడం పొరపాటు. వాటి దెబ్బకు మరుగున పడింది పులిసిన గింజల పానీయాలే.

లొట్టి గోడల్లో

ఆ తోడు తెగకుండా వచ్చిన చోటు వరంగల్ చుట్టూ ఒకటుంది. తాటిచెట్టు.

జనగామ వైపు ఖిలాషాపురం దగ్గరి ఒక ఊళ్లో, యాభై ఏళ్లుగా చెట్టెక్కుతున్న ఒక తాత దగ్గర కూర్చున్నాను. నడుముకు మోకు, ముస్తాదు, గీత కత్తి. ఖిలాషాపురం అంటే సర్వాయి పాపన్న కోట. గౌడ కుటుంబంలో పుట్టి, మనుషుల్ని కూడగట్టి, 1708లో ఓరుగల్లు కోట మీద పడి కొల్లగొట్టినవాడు. ఆ కథ తాతకు నాకంటే బాగా తెలుసు. నేను అడగదలచుకుంది వేరు.

“తాతా, కల్లుల తోడేమేస్తరు?”

ఆయన నా వైపు జాలిగా చూశాడు. “తోడేంది బిడ్డా? అదే పులుస్తది. లొట్టి చాలు.”

లొట్టి, అంటే కల్లు పట్టే మట్టికుండ, చేతికిచ్చాడు. లోపల వేలు పెట్టి గోడ తడిమితే సన్నటి పొర తగిలింది. గీసిన గెల నుంచి చుక్కచుక్కగా కారే నీరు తియ్యగానే ఉంటుంది. నిన్నటి మడ్డి ఆ మట్టి గోడల సందుల్లో కూర్చుని ఉంటుంది. చుక్క పడిన క్షణం నుంచే పులుపు మొదలు. చెట్టు దిగేలోపే నురగ కడుతుంది. ఆ మడ్డిలో ఉండే ముఖ్యమైన ఈస్టు శకరోమైసిస్ సెరివీసియే. ఎడిన్‌బరో ఘాటు ఏల్‌ను పులియబెట్టేదీ ఆ జాతే. ఎక్కడి స్కాట్లండ్ చెక్క పీపా, ఎక్కడి ఖిలాషాపురం తాటిచెట్టు!

పులవకుండా తియ్యటి నీరా కావాలంటే లొట్టికి లోపల సున్నం పూస్తారు. సున్నం తోడును చంపుతుంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం నీరా విధానం తెచ్చింది, హైదరాబాద్ నెక్లెస్ రోడ్డున 2023లో నీరా కేఫ్ తెరిచారు. నేను నీరా తాగాను, బాగుంటుంది. అయితే తాత మాటల్లో చెప్పాలంటే, “సున్నపు లొట్టి ఊకె తియ్యగుంటది. దానికి యాది ఉండదు.”

యాది అన్న ఆ మాటను నేను ఆ రోజంతా మోశాను.

ఈ తోడుకు అసలు శత్రువు సున్నం కూడా కాదు. చెట్లు తగ్గి, గీసేవాళ్లు తగ్గి, తాగేవాళ్లు తగ్గని చోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటి మందులు కలిపిన నీళ్లను కల్లు పేరుతో పోశారు. అలవాటుపడినవాళ్లు ఒక రోజు అది అందకపోతే వణికిపోయి, పిచ్చిగా అరిచి ఆసుపత్రుల పాలయ్యారు. ఆ సీసాలో తాటిచెట్టు లేదు, లొట్టి లేదు, తోడు లేదు. పేరు మాత్రం మిగిలింది. ఏదైనా పాతదాన్ని మళ్లీ బతికించాలనే ఆలోచన ఉన్నవాళ్లు ముందు ఈ చెట్టును, ఈ లొట్టిని, దాన్ని మోసే నడుమును కాపాడుకోవాలి. 2024 జులైలో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో భద్రతా సామగ్రి ఇవ్వడం మొదలైంది. తాతకు ఇంకా అందలేదు. తన మోకు తనే పేనుకుంటున్నాడు.

నాలుగు రోజుల అనుమతి

ఇక మేడారం. ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో రెండేళ్లకోసారి, మాఘ పున్నమి వేళ, నాలుగు రోజుల జాతర. ప్రతాపరుద్రుడి సైన్యాన్ని ఎదిరించి ఒరిగిన కోయ వీరవనితలు సమ్మక్క, సారలమ్మ. ఓరుగల్లు రాజు మీద నిలబడిన తల్లుల దగ్గరికి ఓరుగల్లు జనమే లక్షలుగా తరలి వెళ్లడం ఈ నేల పద్ధతి. తల్లులకు మొక్కు నిలువెత్తు బెల్లం. బెల్లాన్ని అక్కడ బెల్లం అనరు, బంగారం అంటారు.

నేను 2024 జాతరకు వెళ్లినప్పుడు గద్దెల దగ్గర బంగారం రాశులు చూశాను. ఎండకు కరిగి కాళ్లకు అంటుకుంటోంది. తేనెటీగలు ముసురుతున్నాయి. ఆ తడిబెల్లం మీద గాలిలో ఒక పులుపు. మనిషి ముట్టుకోకపోయినా తీపి తన దారి తాను చూసుకుంటుందని ముక్కుకు తెలిసింది. కొంచెం దూరంలో ఒక కోయ పెద్దమ్మ ఆకుదొప్పలో ఏదో పోసి, మూడు చుక్కలు నేలమీద సాక పోసి, ఆ తర్వాతే తను నోటికి తగిలించింది. ఇప్పపువ్వు వాసన. ఫాల్గుణం, చైత్రం నెలల్లో తెల్లవారుజామున అడవి నేల మీద రాలే ఆ మెత్తటి పూలను ఏరి ఎండబెట్టి దాచుకోవడం కోయవాళ్లు ఏటా చేసే పని. ఆ పెద్దమ్మ తాగింది ఎంత? గుక్కెడు. తల్లికి పోసింది మూడు చుక్కలు.

కౌటిల్యుడి పుస్తకంలోని ‘నాలుగు రోజులు’ అక్కడ అక్షరంగా కాక మనిషిగా నా ముందు కూర్చుని ఉంది. శుభకార్యానికి, జాతరకు, మందుకు. ఆ మూడు హద్దులూ తెలిసిన చేతుల్లో తోడు వేల ఏళ్లు నిలిచింది. హద్దులు పాటగా మారి, పాట గుత్తగా మారి, గుత్త సీసాగా మారాక మత్తు మాత్రమే మిగిలింది.

హన్మకొండకు తిరిగొచ్చి, ఏడాది దాటాక, ఈ ఏప్రిల్‌లో ఈ గిన్నెలు పెట్టుకున్నాను. ఖాళీ కుండను ఏం చేయాలో తేల్చుకోలేక నెల గడిపాను. చివరికి నిన్న రాత్రి మాల్టు వేసి విరిచిన తైద జావలో, పొద్దున మిగిలిన గటక కలిపి, గరిటెడు పుల్లమజ్జిగ పోసి ఆ కుండలో పెట్టాను. ఒక్క రాత్రి. అంబలి, అంతే. చట్టానికీ అభ్యంతరం లేనిది, ఎండకు చలవ చేసేది.

తెల్లారి మూత తీస్తే పైన సన్నటి బుడగలు. పుల్లగా, వెనకాల తైదల తీపితో, అడుగున మట్టివాసనతో ఉంది. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ ఇంటిల్లిపాదీ తాగాం. అత్తమ్మ రెండు గ్లాసులు తాగింది. కుండ తీసుకుని కుళాయి దగ్గరికి పోతుంటే వెనక నుంచి పిలిచింది.

“మొత్తం కడుగకు బిడ్డా. అడుగున కొంచెం ఉండనియ్యి.”